ఆరు నెలల తర్వాతి ఫొటో

తలుపు తీయగానే మొదట కనిపించింది ఆ కుర్చీయే. ఎనిమిది నెలల కిందట నేనే మోసుకెళ్ళి వెనక గదిలో పెట్టిన చెక్క కుర్చీ. మళ్ళీ గుమ్మం పక్కకు చేరింది. దాని మీద చేతిసంచి, సంచి కింద ఇంకా విప్పని కవర్లు, వీపు మీద ఒక శాలువా. ఎదురుగా గోడకు నేను బిగించిన ఐదు కొక్కేల్లో నాలుగు ఖాళీగా ఉన్నాయి. ఐదో దానికి గొడుగు వేలాడుతోంది. ఎలా వాడాలో చూపించడానికి ఆ రోజు నేను తగిలించిన గొడుగే అది. దాని మడతల్లో దుమ్ము పేరుకుంది.

ఇళ్ళు సర్దిపెట్టడం నా వృత్తి. కానీ ఆ రోజు నేను పని మీద వెళ్ళలేదు. నేను మరిచిపోయిన కొలత టేపు సొరుగు అడుగున దొరికిందని ఆ ఇంటి పెద్దావిడ ఫోను చేస్తే తీసుకుందామని వెళ్ళాను. నా చూపు ఎటు పోయిందో ఆవిడ గమనించారు. “ఆ కుర్చీ లేకపోతే చెప్పులు విప్పుకోలేనమ్మా. మోకాళ్ళు వంగవు” అన్నారు, తప్పు చేసి దొరికిపోయినట్టు గొంతు తగ్గించి.

ఆవిడ ఇల్లు సర్దే ముందు రెండు గంటలు కూర్చుని ప్రశ్నలు అడిగాను. ఎన్ని సంచులు, ఎన్ని జతల చెప్పులు, వచ్చిన కాగితాలు ఎవరు చూస్తారు, తాళాలు ఎక్కడ పెడతారు. అన్నీ రాసుకున్నాను. ఆవిడ బయటి నుంచి ఇంట్లోకి ఎలా వస్తారో మాత్రం చూడలేదు. నేను వెళ్ళిన ప్రతిసారీ ఆవిడ ఇంట్లోనే ఉండి తలుపు తీశారు. చేతిలో బరువుతో, నొప్పి పెట్టే మోకాళ్ళతో గుమ్మం దాటే మనిషికి చేతిలోవి దింపుకోవడానికి ఒక చోటు కావాలి, వెంటనే కూర్చోవడానికి ఇంకొక చోటు కావాలి. ఆ రెండూ తీర్చే వస్తువును అడ్డంగా ఉందని నేను తీసేశాను. ఖాళీ అయిన గుమ్మాన్ని ఫొటో కూడా తీసుకున్నాను. కొత్త క్లయింట్లకు చూపించే ఫొటోల్లో అది చాలాకాలం మొదటి వరుసలో ఉంది.

ఇళ్ళు సర్దే వృత్తిలో పదేళ్ళు దాటాను. ఈ మధ్య కాలంలో ఆ కుర్చీ నేర్పినంత ఏ తరగతీ నాకు నేర్పలేదు. హోమ్ ఆర్గనైజర్ అయినా, ఆఫీసుల్లో పని తీరును చక్కదిద్దే ప్రొడక్టివిటీ కన్సల్టెంట్ అయినా, తాను సర్ది వచ్చిన చోటికి కొన్ని నెలల తర్వాత తిరిగి వెళ్ళి చూడకపోతే వృత్తిలో ఎదగలేరన్నది నా అభిప్రాయం. ఎన్ని కోర్సులు చేసినా ఆ లోటు తీరదు. కొంతకాలంగా ఈ విషయం మీద నాతో నేనే వాదించుకుంటున్నాను. ఆ వాదన ఎక్కడ నిలిచిందో, ఎక్కడ తడబడిందో రాస్తాను.

ఫొటో మూలలో ఉన్న సంచి

టేపు తెచ్చుకున్న వారంలోనే ఒక ఆన్‌లైన్ శిక్షణకు హాజరయ్యాను. రెండు రోజులు. చెప్పినావిడ చాలా అనుభవం ఉన్న మనిషి, చెప్పే తీరు కూడా బాగుంది. ‘ముందు’, ‘తర్వాత’ ఫొటోలను జంటలు జంటలుగా చూపిస్తూ పోయారు. ఒక ‘తర్వాత’ ఫొటోలో అలమర అద్దంలా మెరుస్తోంది. కుడివైపు మూలన, నేల మీద, ఆవిడ పనిముట్ల సంచి ఉంది. జిప్పు తెరిచే ఉంది. లేబుళ్ళు ముద్రించే చిన్న యంత్రం తీగ బయటికి వేలాడుతోంది.

అంటే ఆవిడ ఇంకా ఆ ఇల్లు వదలలేదు. ఆ అలమర తలుపును ఆ ఇంటివాళ్ళు అప్పటికి ఒక్కసారైనా తీసి ఉండరు. మనందరం చూపించే ‘తర్వాత’ అదే కదా. సంచి సర్దుకునే లోపు తీసిన ఫొటో అది. మనం గడప దాటిన మరుక్షణం నుంచి మొదలయ్యే అసలు ‘తర్వాత’ను ఎవరూ ఫొటో తీయరు.

“ఆ ఇల్లు ఇప్పుడెలా ఉందండీ?” అని అడిగాను. “క్లయింట్ చాలా సంతోషించారు” అన్నారు. నిజమే అయి ఉంటుంది. నా క్లయింటూ సంతోషించారు. కుర్చీ తీసేసిన రోజు నా రెండు చేతులూ పట్టుకుని కృతజ్ఞతలు చెప్పారు. ఆ సంతోషం అబద్ధం కాదు. కానీ నా ప్రశ్నకు జవాబు అది కాదు.

శిక్షణ చివర ఒక ఫారం నింపమన్నారు. పాఠాలు నచ్చాయా, సమయం సరిపోయిందా, ఇతరులకు చెబుతారా. అమెరికన్ ఆచార్యుడు డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లోనే శిక్షణ ఫలితాన్ని నాలుగు మెట్లుగా చూడాలన్నారు. నేర్చుకున్నవారికి నచ్చిందా, వారికి నిజంగా వచ్చిందా, తిరిగి వెళ్ళాక వారి పని తీరు మారిందా, ఆ మార్పు వల్ల ఫలితం ఏమైనా వచ్చిందా. మన వృత్తిలో శిక్షణ ఇచ్చేవారి ఫారాలు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతున్నాయి. మనం క్లయింట్లకు ఇచ్చే ఫారాలూ అంతే. నచ్చిందా అని అడిగి వచ్చేస్తాం.

సర్టిఫికెట్లను చిన్నచూపు చూడటం నా ఉద్దేశం కాదు. అమెరికాలో ఈ వృత్తివారి సంఘం 1985లో ఏర్పడింది. ఇళ్ళు సర్దేవారినీ పని తీరు దిద్దేవారినీ ఒకే గొడుగు కిందికి తెచ్చి, 2017లో ప్రొడక్టివిటీ అనే మాటను పేరులోనే చేర్చుకుంది. అక్కడ 2007లో మొదలైన సర్టిఫికేషన్ పరీక్షకు కూర్చోవాలంటే 1,500 గంటలు డబ్బు తీసుకుని పని చేసిన అనుభవం చూపాలన్నారు. ఎవరైనా ఒక కార్డు అచ్చు వేయించుకుని నిపుణులమని చెప్పుకోగల వృత్తిలో అలాంటి నియమం పెట్టడం గొప్ప సంగతి. నా బాధ ఒక్కటే. ఆ గంటల్లో నేను ఏం చేశానన్నది లెక్కకు వస్తుంది. ఆ గంటల తర్వాత ఏం మిగిలిందన్నది రాదు. ఒకే పొరపాటును 1,500 గంటలు చేసినా 1,500 గంటలే అవుతాయి.

బోస్టన్ వైద్యుడి కార్డులు

ఎర్నెస్ట్ కాడ్‌మన్ గురించి చదివినప్పుడు నాకు నిద్ర పట్టలేదు. బోస్టన్‌లో శస్త్రచికిత్స చేసే వైద్యుడు. ప్రతి రోగికీ ఒక కార్డు పెట్టి, చికిత్స అయిన ఏడాది తర్వాతైనా ఆ మనిషి ఎలా ఉన్నాడో కనుక్కోవాలని, బాగుపడకపోతే ఎందుకు బాగుపడలేదో రాయాలని ఆయన పట్టుబట్టారు. సొంతంగా ఆసుపత్రి పెట్టుకుని 1911 నుంచి 1916 వరకు ఇంటికి పంపిన 337 మంది రోగుల వివరాలు, వారి విషయంలో జరిగిన 123 పొరపాట్లతో సహా, తానే అచ్చు వేయించారు. సాటి వైద్యులకు ఆయన కంటగింపు అయ్యారు. ఈ రోజు ఆసుపత్రుల్లో ఫలితాలను కొలిచే పద్ధతి గురించి మాట్లాడేవారు ఆయన పేరు తలచుకోకుండా ఉండరు.

అలమర సర్దడాన్ని శస్త్రచికిత్సతో పోల్చడం అతి అని ఒక స్నేహితురాలు అంది. ప్రమాదం విషయంలో అది అతిశయోక్తే, ఒప్పుకుంటాను. కానీ చేసిన పని నిలిచిందా లేదా అన్నది చేసిన రోజున తెలియదన్న విషయంలో రెండూ ఒకటే. లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన ఫిలిప్పా లాలీ, ఆమె సహచరులు 96 మంది మీద చేసిన పరిశీలనలో, ఒక కొత్త అలవాటు ఆలోచించకుండా జరిగే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల వరకు అంచనాకు వచ్చింది. మనం ఒక ఇంట్లో ఉండేది రెండు రోజులు, మూడు రోజులు. తాళంచెవి కొత్త గిన్నెలో వేయడం అలవాటయ్యే లోపు మనం మరో నాలుగిళ్ళు సర్దేసి ఉంటాం. అలవాటు కుదిరిందో లేదో చూడటానికి అక్కడ మనం ఉండం.

తిరిగి వెళ్ళిన ఇళ్ళు

కుర్చీ చూసి వచ్చాక పాత క్లయింట్లలో కొందరిని అడిగాను. రెండేళ్ళలో నేను మళ్ళీ గడప తొక్కిన ఇళ్ళు ఇరవైకి మించవు. ఇంత తక్కువలోంచి సూత్రాలు తీయకూడదని తెలుసు. అయినా నా పని మారిపోయింది.

మూత ఉన్న డబ్బాల్లో చాలావరకు మూతలు పక్కన పడి ఉన్నాయి. కొన్నింటిలో మూత అలాగే ఉండి, వస్తువులు మూత మీద ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి పేర్చిన చోట అడుగు డబ్బాను ఎవరూ ముట్టుకోలేదు. ఒకావిడ అడుగు డబ్బాలో ఉన్న కత్తెర తీయడం కష్టమై కొత్త కత్తెర కొనుక్కున్నారు. సాధారణంగా ఒక వస్తువు తిరిగి దాని చోటికి చేరవలసిన సమయంలో మనిషి రెండో చెయ్యి ఖాళీగా ఉండదు. ఫోనో, పాపాయో, తడి బట్టో ఉంటుంది. ఒక్క చేత్తో కుదరనిది ఏదీ నిలవదని ఇప్పుడు నాకు నమ్మకం కుదిరింది. ఏ కోర్సులోనూ ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు.

లేబుళ్ళ సంగతి మరీ కలచివేసింది. ‘ఇతరములు’ అని నేను అందంగా ముద్రించి అతికించిన సొరుగు ప్రతి ఇంట్లోనూ చెత్తకుప్పే అయింది. ఒక ఇంట్లో మాత్రం నా లేబులు పీకేసి, ఆ ఇంటి పిల్ల పెన్సిలుతో ‘దారాలూ అవీ’ అని రాసి అతికించింది. తెరిచి చూశాను. దారపు ఉండలు, గుండీలు, సూదుల అట్ట, ఒక చిన్న టేపు. అంతే. ఒక్క పరాయి వస్తువు లేదు. ‘అవీ’ అంటే ఏమిటో ఆ ఇంట్లో అందరికీ తెలుసు, నాకు తప్ప. అప్పటి నుంచి ముద్రణ యంత్రం తీసుకెళ్ళడం మానేశాను. ఇంటివాళ్ళ చేతికే పెన్సిలు ఇస్తున్నాను.

ఇంకొక ఇంట్లో వంటింటి సామాను ఎక్కడ పెట్టాలో ఆ ఇంటి ఇల్లాలితో కూర్చుని గంటలకొద్దీ తేల్చాం. కడిగిన గిన్నెలు తిరిగి సర్దేది ఆమె భర్త అని నాలుగు నెలల తర్వాత తెలిసింది. తీసేవారిని అడిగాను కానీ తిరిగి పెట్టేవారిని అడగలేదు.

ఆఫీసుల్లో పని చేసే నా మిత్రుడికి ఇదే అనుభవం ఇంకో రూపంలో ఎదురైంది. ఒక కార్యాలయంలో పనుల జాడ తెలియడానికి ఆరు నిలువు వరుసల బోర్డు పెట్టించి, రంగు చీటీలు ఎలా జరపాలో అందరికీ నేర్పించి వచ్చాడు. ఆరు నెలలకు వెళ్ళి చూస్తే బోర్డు నిండుగా, చక్కగా ఉంది. అతను సంబరపడ్డాడు. సాయంత్రం ఒక ఉద్యోగిని మెల్లగా అసలు సంగతి చెప్పింది. ప్రతి శుక్రవారం ఒక అరగంట కూర్చుని చీటీలన్నీ జరుపుతారట, అధికారి చూస్తారు కాబట్టి. పని నడిచేది మాత్రం ఆమె బల్ల మీద ఉన్న రూళ్ళ నోటుబుక్కులో. పనులు వచ్చేది ఫోనులో, ఫోను ఉన్నది బల్ల మీద, బోర్డు ఉన్నది హాలు అవతల. అతను తగ్గించడానికి వెళ్ళిన పనికి ఇంకొక పని కలిపి వచ్చాడు. చెబుతుంటే అతని మొహం చూడలేకపోయాను. కానీ ఆ తర్వాత అతను ఏ కార్యాలయానికి వెళ్ళినా మొదటి రోజు ఏమీ మార్చడు. పని మొట్టమొదట ఏ కాగితం మీద పడుతుందో అది చూస్తాడు.

నన్ను ఆపిన సందేహాలు

తిరిగి వెళ్ళడం అంత మంచిదే అయితే అందరూ ఎందుకు వెళ్ళరు? సోమరితనం వల్ల మాత్రం కాదు.

ఒక క్లయింటు నేను వస్తున్నానని రాత్రంతా మేలుకుని ఇల్లు సర్దుకున్నారు. ఉదయం ఎర్రబడిన కళ్ళతో తలుపు తీశారు. ఇల్లు నేను వదిలిన రోజున ఉన్నట్టే ఉంది. నేను నేర్చుకున్నది ఏమీ లేదు, ఆమెకు నిద్ర లేకుండా చేశాను, అంతే. ఇల్లు చిందరవందరగా ఉండటాన్ని తన గుణం మీద మచ్చగా భావించే మనిషికి, సర్దినవాళ్ళు మళ్ళీ రావడం తనిఖీలా అనిపిస్తుంది. ఇప్పుడు మొదటి రోజే చెబుతున్నాను. “ఆరు నెలలకు వస్తాను. చూసుకునేది మిమ్మల్ని కాదు, నా పనిని. ఏది కుదరలేదో అది నాకు కావాలి. దయచేసి సర్దకండి” అని. కొంత నయం. అయినా సర్దేవాళ్ళు సర్దుతూనే ఉన్నారు. దీనికి పూర్తి విరుగుడు నా దగ్గర లేదు.

రెండోది, ఇళ్ళు మారతాయి. ఒక ఇంట్లో బిడ్డ పుట్టింది. ఇంకో ఇంట్లో తండ్రి మంచాన పడ్డారు, ముందు గది మందులతో, పరుపులతో నిండిపోయింది. నా అమరిక చెదిరిందని అక్కడ బాధపడితే అంతకన్నా సిగ్గులేనితనం లేదు. చెదిరినదంతా నా తప్పు కాదు, నిలిచినదంతా నా గొప్పా కాదు. మరి దేన్నుంచి పాఠం తీయాలి? ఒక్కోసారి తేల్చుకోలేను. అలాంటప్పుడు కనీసం మందులు పెట్టుకోవడానికి ఒక అర ఖాళీ చేయడం వాళ్ళకు సులువైందా, లేక నా డబ్బాలన్నీ ఊడబెరకవలసి వచ్చిందా అని చూస్తాను.

డబ్బు సంగతి కూడా ఉంది. తిరిగి వెళ్ళే గంటకు ఎవరు ఇస్తారు? నేను మొదటి ఒప్పందంలోనే ఆ గంటను కలిపేస్తున్నాను. నిలదొక్కుకున్నాను కాబట్టి చేయగలుగుతున్నాను. ఈ నెల గడవడమే కష్టంగా ఉన్న కొత్తవారికి ఇది చెప్పడానికి నాకు నోరు రాదు. అందుకే ఈ భారాన్ని సంఘాలు కొంత తలకెత్తుకోవాలంటాను.

తెరుచుకోని తలుపు

వీటన్నిటికన్నా బరువైన అభ్యంతరం ఒకటుంది. దాన్ని తప్పించుకుని ముందుకు పోలేను.

ఈ పనిలోకి వచ్చిన తొలి రోజుల్లో ఒక పెద్దాయన ఇంటికి వెళ్ళాను. పిలిచింది ఆయన కూతురు. గదుల నిండా పాత పత్రికల కట్టలు, మధ్యలో ఒక మనిషి పక్కకు తిరిగి నడిచేంత దారి. కూతురు ధైర్యం చెప్పింది, ఆయన ఏమీ అనలేదు. మౌనాన్ని అంగీకారం అనుకుని ఒక్క రోజులో సగం బయటికి పంపేశాను. సాయంత్రం ఆయన ఖాళీ అయిన గోడ దగ్గర నిలబడి, కట్టలు ఉన్నంత ఎత్తున గాలిలో అరచేతిని ఆనించి ఉంచారు. అలాగే చాలాసేపు ఉన్నారు. ఆ తర్వాత కూతురిని కూడా ఇంట్లోకి రానివ్వలేదని విన్నాను.

వస్తువులు వదలలేకపోవడం ఒక ప్రత్యేకమైన రుగ్మత అని అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన మానసిక రుగ్మతల వర్గీకరణ గ్రంథం ఐదో కూర్పులో విడిగా గుర్తించింది. బలవంతంగా ఖాళీ చేయిస్తే మనిషి కుంగిపోతాడని, వస్తువులు మళ్ళీ చేరతాయని నాకు ఆ తర్వాత ఒక శిక్షణలోనే తెలిసింది. ఒక గదికి తొమ్మిది ఫొటోలు, ఖాళీ గది నుంచి పైకప్పు దాకా నిండిన గది వరకు. వాటి పక్కన పెట్టి చూసి ఇంటి స్థితిని అంచనా వేయడం అక్కడే నేర్చుకున్నాను. ఎక్కడ నేను ఆగాలో, ఎక్కడ మానసిక వైద్యుల సాయం అడగాలో అక్కడే తెలిసింది.

ఆ పెద్దాయన ఇంటికి నేను తిరిగి వెళ్ళి నేర్చుకోగలిగేదాన్నా? తలుపే తీయరు. తిరిగి వెళ్ళడంలో ఉన్న లోపం ఇదే. తెరుచుకునే తలుపుల వెనక ఉన్నదే అది చూపిస్తుంది. మనవల్ల ఎక్కువ దెబ్బ తిన్నవాళ్ళు మనల్ని మళ్ళీ పిలవరు. ఒకవేళ తలుపు తీసినా, నా పాఠానికి మూల్యం ఆయన చెల్లించి ఉండేవారు. కొన్ని విషయాలు పొరపాటు చేసి నేర్చుకునే హక్కు మనకు లేదు. అవి ముందే, తరగతి గదిలోనే, మరొకరి అనుభవం నుంచి రావాలి. ఇక్కడ నా వాదన వెనక్కి తగ్గింది. తగ్గాలి కూడా.

అందుకని కోర్సులు వద్దని నేను అనను. హాని చేయకుండా ఉండటం తరగతి నేర్పాలి. మేలు చేయడం మాత్రం, నాకు తెలిసినంతలో, తిరిగి వెళ్ళిన ఇల్లే నేర్పుతుంది.

బ్రిటన్‌లో కౌన్సెలర్ల సంఘం తన అక్రెడిటెడ్ (అర్హత గుర్తింపు పొందిన) సభ్యులు నెలకు కనీసం గంటన్నర సూపర్‌విజన్‌లో గడపాలంటుంది. తమకు కుదరని సందర్భాలను మరో అనుభవజ్ఞుడి ముందు పెట్టి మాట్లాడుకునే సమయం అది. మనకు అలాంటిది అలవాటు లేదు. మనం కలిసినప్పుడు ఫొటోలు చూపించుకుంటాం. సర్టిఫికెట్ పునరుద్ధరణకు అడిగే శిక్షణ గంటల్లో కొన్నింటిని తగ్గించి, వాటి బదులు ఆరు నెలల తర్వాత తిరిగి వెళ్ళిన రెండు చోట్ల నివేదికలు అడగాలని నేను మా సంఘానికి రాశాను. రెండింటిలో ఒకటైనా నిలవని పని గురించి ఉండాలని కూడా రాశాను. ఇంటివాళ్ళ పేరు ఉండదు, ఫొటో అక్కర్లేదు. ఏం పెట్టాం, ఏం మిగిలింది, ఎందుకనుకుంటున్నాం. ఒక పేజీ చాలు. ఆలోచిస్తామన్నారు.

పెద్దావిడ ఇంటికి ఆ తర్వాత మరో రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి ఆవిడతో కలిసి బయటికి నడిచి, కలిసే తిరిగి వచ్చాం. సంచి ఆవిడ ఎడమ చేతిలో, తాళంచెవి కుడి చేతిలో ఉన్నాయి. కుర్చీలో నేనే కూర్చుని చూశాను. అక్కడి నుంచి నా కొక్కేలు చేతికి అందవు. వాటిని విప్పేసి, కుర్చీలో కూర్చున్నప్పుడు కుడి మోచెయ్యి తగిలే ఎత్తులో మూత లేని చిన్న పెట్టె బిగించాం. రెండోసారి వెళ్ళినప్పుడు తాళంచెవి అందులోనే ఉంది. కళ్ళజోడు కూడా చేరింది. కవర్లు మాత్రం కుర్చీ కింద నేల మీద పడి ఉన్నాయి, రెండు వారాలవి. వాటిని ఎందుకు పెట్టెలో వేయడం లేదో ఆవిడకూ తెలియలేదు, నాకూ తెలియలేదు. నోటుబుక్కులో రాసుకున్నాను. కవర్లు వచ్చే వేళకు ఒకసారి రమ్మన్నారు.